ఏ టైముకి పట్టుకెళ్లారు?

(నేర విచారణ చట్టం బోధించి రిటైరైన ఒక అధ్యాపకురాలు హైదరాబాద్‌లో లా విద్యార్థులు, జూనియర్ లాయర్ల ముందు చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసుకున్నది.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినబడుతోందా? ఈ మైకు నాకంటే ఎత్తుగా ఉంది, కాస్త వంచు బాబూ. ఆఁ, చాలు.

నన్ను పిలిచినవాళ్లు "మీ కెరీర్ గురించి చెప్పండి మేడమ్" అన్నారు. లాయర్లనడిగితే గెలిచిన కేసులు చెప్తారు. నాకు చెప్పుకోవడానికి ఒక్క కేసూ లేదు. పూర్తి జీతం తీసుకునే లా టీచరు నల్లకోటు వేసుకుని వాదించడానికి బార్ కౌన్సిల్ రూల్స్ ఒప్పుకోవు. కాబట్టి ఈ ముప్పై ఏళ్ల పైచిలుకూ నేను కోర్టుల్లో వెనక బెంచీ మీద నోట్‌బుక్ పట్టుకుని కూర్చున్న మనిషిని. ప్లీడర్ గుమాస్తాలు మొదట్లో నన్ను ఎవరో నిందితుడి తరఫు చుట్టాన్నని అనుకునేవాళ్లు. ఒకాయనైతే పాపం, జామీను కావాలా అమ్మా అని కూడా అడిగాడు. ఆ జామీను సంగతి తర్వాత చెప్తాను.

1978లో నేను డిగ్రీ చదువుతూ విద్యానగర్‌లో మా పిన్ని వాళ్లింట్లో ఉండేదాన్ని. ఆ మార్చి నెలాఖర్లో నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో ఏం జరిగిందో మీలో కొందరు చదివే ఉంటారు. రాత్రి సినిమా చూసి వస్తున్న ఒకామెని పోలీసులు స్టేషన్‌కి తీసుకెళ్లారు. అక్కడే అత్యాచారం చేశారు. ఇదేంటని నిలదీసిన భర్తని కొడితే చనిపోయాడు. రిక్షా తొక్కి బతికే మనిషి. ఊరు అట్టుడికిపోయింది. కాల్పులు, కర్ఫ్యూ. ఆమె పేరు అప్పుడు ప్రతి పేపర్లోనూ వచ్చింది, గోడల మీద కూడా రాశారు. నేను మాత్రం చెప్పను. బాధితురాలి పేరు బయటపెట్టకూడదనే చట్టం 1983లో వచ్చింది, ఆమెకి మాత్రం అది ఆలస్యమైపోయింది.

కర్ఫ్యూ సడలించిన కాసేపట్లో మేము పాల కోసం లైన్లో నిలబడ్డాం. లైన్లో ఉన్న ఆడవాళ్లు ఒకటే మాట, "అంత రాత్రప్పుడు సినిమా ఏమిటి?" మా పిన్నీ అదే అంది. ఇరవై ఏళ్లదాన్ని, నేనేం అన్నానో తెలుసా? ఏమీ అనలేదు. పాలు పోయించుకుని ఇంటికొచ్చాను.

జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే నేరమని తేల్చింది. ఆ తర్వాత కేసు విచారణ కర్ణాటకలోని రాయచూరుకి మారింది. అక్కడ పోలీసులు నిర్దోషులుగా బయటపడ్డారు. కమిషన్ ముందు నిలబడిన సాక్ష్యం కోర్టులో ఎందుకు నిలబడలేదో అర్థం చేసుకోవాలన్న పంతంతోనే నేను లాలో చేరాను. ఇంట్లోవాళ్లకి మాత్రం బ్యాంకు పరీక్షలకి పనికొస్తుందని చెప్పాను.

లాలో చేరిన కొత్తలో ఒక సైక్లోస్టైల్ కాగితాల బొత్తి చేతికొచ్చింది. 1979 సెప్టెంబర్‌లో నలుగురు లా టీచర్లు, ఉపేంద్ర బక్షీ, లోతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్, సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి రాసిన బహిరంగ లేఖ. మహారాష్ట్రలో ఒక ఆదివాసీ అమ్మాయి మీద స్టేషన్‌లో అత్యాచారం జరిగిన మథుర కేసు గురించి. ఆమె కేకలు వేయలేదు, ఒంటి మీద దెబ్బల్లేవు, కాబట్టి ఒప్పుకున్నట్టే అన్న ధోరణిలో సుప్రీంకోర్టు ఇద్దరు పోలీసులని వదిలేసింది. ఈ నలుగురూ అడిగింది సూటి ప్రశ్న. లొంగిపోవడం వేరు, ఒప్పుకోవడం వేరు కాదా?

తీర్పు మారలేదు. దేశమంతా ఆడవాళ్లు వీధుల్లోకొచ్చారు, 1983లో చట్టం మారింది. కస్టడీలో ఉన్న స్త్రీ నేను ఒప్పుకోలేదని కోర్టులో చెబితే ఆమె ఒప్పుకోలేదనే కోర్టు అనుకోవాలి అని సాక్ష్య చట్టంలో కొత్త సెక్షన్ పెట్టారు. కోర్టులో వాదించే హక్కు లేని టీచరు ఏం చేయగలదు అనే బెంగ నాకు ఆ ఉత్తరం చదివాక కొంత తీరింది. కొంతే.

మా రోజుల్లో కాలేజీ ఎగ్గొట్టి హైకోర్టుకి వెళ్లేవాళ్లం, పౌరహక్కుల లాయరు కన్నబిరాన్ గారి వాదన వినడానికి. పెద్ద గొంతేమీ కాదు. ఆయన ఎమర్జెన్సీ తర్వాత ఎన్‌కౌంటర్ల మీద వేసిన భార్గవ కమిషన్ ముందు నిలబడిన మనిషి. కమిషన్ తలుపులు మూసుకుని విచారిస్తాననేసరికి బయటికి వచ్చేసిన మనిషి కూడా. ఆ తర్వాత బాలగోపాల్ గారు. వరంగల్ కాకతీయ యూనివర్సిటీలో లెక్కలు చెప్పుకునే ఆయన ఉద్యోగం వదిలి, హక్కుల ఉద్యమంలో ఏళ్ల తరబడి తిరిగి, ఆ తర్వాతే లాయరయ్యారు. రాజ్యం చంపితే అడిగినట్టే నక్సలైట్లు చంపినా అడగాలని ఆయన పట్టుబట్టడం, దాని మీద పాత మిత్రులతో విడిపోయి 1998లో మానవ హక్కుల వేదిక పెట్టడం, అవన్నీ మేము పక్కన నిలబడి చూశాం. ఆయన మాటే సరైందని నేను అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. ఈ హాల్లో ఒప్పుకోనివాళ్లు ఉంటారు, ప్రశ్నల టైములో చూసుకుందాం.

ఎన్‌కౌంటర్ల మాట ఎత్తాను గాబట్టి ఒక్కటి చెప్పి ముందుకెళ్తాను. 2009 ఫిబ్రవరిలో మన హైకోర్టు అయిదుగురు జడ్జీల బెంచీ, పౌరహక్కుల సంఘం వేసిన కేసులో ఒక తీర్పిచ్చింది. ఎన్‌కౌంటర్‌లో మనిషి చనిపోతే పోలీసుల మీద ఎఫ్‌ఐఆర్ కట్టాలి, ఆత్మరక్షణ అనేది విచారణలో రుజువు చేసుకోవాలి అని. సుప్రీంకోర్టు దాని మీద స్టే ఇచ్చింది. 2014లో సుప్రీంకోర్టే వేరే కేసులో పదహారు మార్గదర్శకాలు ఇచ్చింది, కొంచెం మెత్తగా. 2019 డిసెంబర్ 6 పొద్దున చటాన్‌పల్లి దగ్గర అత్యాచారం, హత్య కేసులో నిందితులైన నలుగురిని పోలీసులు కాల్చేశారు. మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో ఒకావిడ నా చేతిలో లడ్డూ పెట్టింది. నలభై ఏళ్ల కిందటి పాల లైను గుర్తొచ్చింది. ఈసారీ నేను పెద్దగా ఏమీ అనలేదు, కానీ తినలేదు. ఫ్రిజ్ మీద పెట్టాను, చీమలు పట్టాక పనమ్మాయి తీసి పారేసింది. సిర్పుర్కర్ కమిషన్ తర్వాత తేల్చిందేమిటి? చంపాలనే కాల్చారని, ఆ నలుగురిలో ముగ్గురు మైనర్లని. 2022లో ఆ నివేదిక బయటికొచ్చింది. అప్పుడు ఏ లిఫ్టులోనూ ఎవరూ దాని గురించి మాట్లాడలేదు.

ఇప్పుడు నా అసలు విషయానికొస్తాను. ఎన్‌కౌంటర్లు, ఉరిశిక్షలు పేపర్లో వస్తాయి. నేను నా జీవితమంతా పెట్టింది పేపర్లో రాని ఒక నిమిషం మీద. రిమాండ్. అంటే, అరెస్టయిన మనిషిని లోపలే ఉంచమని మేజిస్ట్రేట్ ఇచ్చే ఆర్డరు.

రాజ్యాంగం 22వ అధికరణం చెప్తుంది, అరెస్టయిన మనిషిని 24 గంటల్లోపు మేజిస్ట్రేట్ ముందు పెట్టాలని. దారి ప్రయాణం టైము తీసేసి. క్లాసులో ఇది చెప్పడం రెండు నిమిషాల పని. పిల్లలు రాసుకుంటారు, పరీక్షలో అయిదు మార్కులు. ఒక కోర్టులో, ఏ కోర్టో అడక్కండి, వెనక బెంచీ మీద కూర్చుని నేను చూసిందేమిటంటే, కానిస్టేబుల్ ఒక కుర్రాణ్ని తెచ్చి నిలబెడతాడు. బెంచి క్లర్కు కాగితాలు పైకిస్తాడు. మేజిస్ట్రేట్ గారు ఒక సాక్షిని విచారిస్తూనే ఇటు చూసి, "పోలీసులు కొట్టారా?" అంటారు. పక్కనే కానిస్టేబుల్. కుర్రాడు తల అడ్డంగా ఊపుతాడు. "లాయరున్నాడా?" మళ్లీ అడ్డంగా. సంతకం. పద్నాలుగు రోజులు. తర్వాతివాడు. నా వాచీలో ఒక్కో మనిషికీ నిమిషం గడిచేది కాదు. ఆ మేజిస్ట్రేట్ చెడ్డవాడేం కాదు. మధ్యాహ్నం భోజనం కూడా సరిగ్గా చేయకుండా పనిచేసే మనిషి. బల్ల మీద ఫైళ్లు నా నడుమెత్తు ఉండేవి.

ఆ కాగితాల్లో ఒక వాక్యం ఉంటుంది. జూనియర్లు నవ్వుతున్నారు, మీకు తెలుసు. "బస్టాండు వద్ద అనుమానాస్పదంగా తిరుగుచుండగా, పోలీసు వారిని చూసి పారిపోవుటకు ప్రయత్నించగా, పట్టుకొని..." ఏ కేసులో చూసినా అదే బస్టాండు. ఇంత పెద్ద ఊళ్లో దొంగలంతా బస్టాండులోనే పారిపోతారా?

తొంభైల మొదట్లో సంగతి. మా కాలేజీ పిల్లలతో శనివారాలు అడ్డగుట్ట బస్తీలో లీగల్ ఎయిడ్ క్లినిక్ నడిపేవాళ్లం. క్లినిక్ అంటే ఏం లేదు, ఒక గుడి అరుగు, రెండు ప్లాస్టిక్ కుర్చీలు. ఒకామె వచ్చింది. కొడుకు జైల్లో ఉన్నాడు, దొంగతనం కేసు. నేను పెన్ను తీసి, లాయర్లు అడిగినట్టే అడిగాను, "ఏ తారీకు, ఏ టైముకి పట్టుకెళ్లారమ్మా?" తెల్లమొహం వేసింది. మళ్లీ అడిగాను. "ఏమో మేడం, నాకు టైము చూసుడు రాదు" అంది. నాకు చిరాకేసింది. ఈ రోజు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, నిజంగానే చిరాకేసింది. టైము తెలియకపోతే పిటిషన్ ఎలా రాస్తాం అన్నాను.

ఆమె లేచి వెళ్లబోయి, వెళ్తూ వెళ్తూ అంది, "పొద్దుగాల సద్దన్నం తినుకుంట కూసున్నడు మేడం. గంజిల ఉల్లిగడ్డ ఏసిచ్చిన. చెయ్యి గూడ కడగనియ్యలే. గట్లనే ఎంగిలి చేత్తోని జీపెక్కిచ్చిన్రు. ఆ రోజు మా దిక్కు నల్లా రాలే, అందరం బోరింగు కాడ్నే ఉన్నం, అందరు జూసిన్రు."

ఆగండి, ఇందులో ఎన్ని ఉన్నాయో చూడండి. పొద్దున్నే. నల్లా రాని రోజు. ఆ బస్తీకి రోజు విడిచి రోజు నీళ్లొస్తాయి, ఏ రోజు రాలేదో బస్తీ అంతా చెప్తుంది. బోరింగు దగ్గర డజను మంది సాక్షులు. నేను రాసుకునే తారీకు, టైము కంటే గట్టి సాక్ష్యం ఆమె దగ్గర ఉంది. అడగడం రాక నేను పోగొట్టబోయాను. మా స్టూడెంట్లలో ఒకమ్మాయి జైలుకెళ్లి ములాఖత్‌లో కుర్రాణ్ని అడిగి వచ్చింది, అదే మాట చెప్పాడు. రిమాండ్ రిపోర్టు తెప్పించి చూస్తే, పట్టుకున్నది నల్లా రాని ఆ బుధవారం పొద్దున్న కాదు, శుక్రవారం సాయంత్రం, సరిగ్గా, అవును, బస్టాండులో. మధ్యలో రెండున్నర రోజులు ఆ పిల్లవాడు చట్టం లెక్కలో ఎక్కడా లేడు.

హక్కులన్నీ ఆ రెండున్నర రోజుల్లోనే పోతాయి. దెబ్బలు అప్పుడే, ఒప్పుకోళ్లు అప్పుడే, తెల్లకాగితం మీద సంతకాలు అప్పుడే. పోలీసుల ముందు నేరం ఒప్పుకున్నా చెల్లదని సాక్ష్య చట్టం బ్రిటిష్‌వాడి కాలం నుంచీ చెప్తూనే ఉంది. కానీ ఒప్పుకున్నాడు కాబట్టి ఫలానా చోట ఫలానా వస్తువు దొరికింది అంటే ఆ మేరకు చెల్లుతుంది. ఆ చిన్న కిటికీలోంచి ఎన్ని కేసులు లోపలికొచ్చాయో.

1996 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు నుంచి డి.కె. బసు తీర్పు వచ్చినప్పుడు మా స్టాఫ్ రూమ్‌లో నేను టీ పార్టీ ఇచ్చాను. అరెస్టు మెమో రాయాలి, అందులో తారీకు, టైము ఉండాలి, ఇంటివాళ్లో స్థానికంగా పరువున్న మనిషో సాక్షి సంతకం పెట్టాలి, చుట్టాలకి చెప్పాలి, 48 గంటలకోసారి వైద్య పరీక్ష. వీటిలో చాలావరకు తర్వాత చట్టంలోకీ ఎక్కాయి. ఇంకేం, అయిపోయింది అనుకున్నాను. మా అటెండర్ రాములు, పేరు మారుస్తున్నాను, టీ కప్పులు తీస్తూ అడిగాడు, "మెమో ఎవరు రాస్తరు మేడం? పోలీసాయనేనా?" అవునన్నాను. "మరి టైమేస్తడు గదా, ఆయనకిష్టమొచ్చింది" అన్నాడు.

మక్కా మసీదు పేలుడు 2007 మే 18న. ఆ తర్వాత పాతబస్తీ నుంచి ఎంతమంది కుర్రాళ్లని తీసుకెళ్లారో మీకు తెలుసు. మైనారిటీ కమిషన్ నియమించిన అడ్వొకేట్ కమిషనర్ వాళ్లతో మాట్లాడి, ఊరి బయట ఎక్కడెక్కడో రోజుల తరబడి ఉంచారని, హింసించారని నివేదిక ఇచ్చారు. ఆ కుర్రాళ్లని కోర్టులు వదిలేశాయి. ప్రభుత్వం పరిహారం ఇచ్చింది, మంచివాళ్లేనని సర్టిఫికెట్ కూడా ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ పరిహారం చెల్లదంది. అప్పుడొక టీవీ చర్చలో నన్నడిగారు, "బాధితులకి హక్కుల్లేవా మేడమ్, ఎప్పుడూ నిందితుల మాటేనా?" అని. ఉన్నాయి. పేలుడులో చనిపోయినవాళ్లకి నిజంగా చేసినవాణ్ని పట్టుకునే హక్కుంది. తప్పుడువాణ్ని పట్టుకుంటే ఆ హక్కే మొదట పోతుంది. ఇదంతా చెప్పేలోపు యాడ్ వేశారు.

జైలు సంగతి. 2022 చివరికి దేశంలో 5,73,220 మంది ఖైదీలుంటే వాళ్లలో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే ప్రతి నలుగురిలో ముగ్గురి కేసు ఇంకా తేలనే లేదు. వాళ్లలో కొందరికి బెయిల్ వచ్చే ఉంటుంది కూడా! పూచీ పడే జామీనుదారు దొరక్క లోపలున్నారు. 1978లో మోతీరామ్ అనే తాపీమేస్త్రి కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ దీన్ని ఎండగట్టారు. పది వేలకి షూరిటీ అడిగి, సోదరుణ్ని తీసుకొస్తే వేరే జిల్లావాడని తోసేశారట. తెలుగువాడో మలయాళీయో బస్తర్‌లోనో చాందినీ చౌక్‌లోనో అరెస్టయితే షూరిటీ ఎవరిస్తారని ఆయన అడిగారు. అడ్డగుట్టలో అద్దె గదిలో ఉండే మనిషి ఇంటి పన్ను రసీదు ఎక్కణ్నుంచి తెస్తాడు? అందుకే అద్దె జామీనుదార్లు పుట్టుకొచ్చారు. ఒకే భూమి పాస్‌బుక్కు ఎన్ని కేసుల్లో తిరిగేదో! మొదట్లో చెప్పానే, జామీను కావాలా అని నన్ను అడిగిన పెద్దమనిషి, ఆయన ఆ బాపతే. బెయిలొచ్చి ఏడు రోజుల్లో బయటికి రాకపోతే జైలు సూపరింటెండెంట్ జిల్లా న్యాయసేవా సంస్థకి చెప్పాలని 2023 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. మీలో ఎవరైనా ప్యానెల్ లాయర్లుంటే, మీ జిల్లాలో ఆ జాబితా ఎవరి టేబుల్ మీద ఉందో కనుక్కోండి.

2024 జూలై 1 నుంచి కొత్త నేర చట్టాలు. పాత నంబర్లన్నీ పోయాయి, మా తరంవాళ్లం పాత, కొత్త నంబర్ల పట్టీ జేబులో పెట్టుకుని తిరుగుతున్నాం. ఫోర్ ట్వంటీ అని తిట్టడానికి ఇక లేదు, 318 అనాలి. ఎవరూ అనరనుకోండి. ఇందులో మంచి ఒకటుంది. ఇంతకుముందు ఏ కేసులోనూ శిక్ష పడనివాడు గరిష్ఠ శిక్షలో మూడో వంతు లోపలుంటే బెయిల్ ఇవ్వాలి, ఉరి, యావజ్జీవం పడే కేసులు తప్ప. కానీ ఒకటికి మించి కేసులుంటే వర్తించదు. ఒక దొంగతనం కేసుకి నాలుగు కేసులు తగిలించే ఊళ్లో ఈ "కానీ" ఎంత పెద్దదో ఆలోచించుకోండి. నన్ను భయపెట్టేది ఇంకోటి. పోలీసు కస్టడీ పదిహేను రోజుల్ని ఇప్పుడు మొదటి 40 లేదా 60 రోజుల్లో ముక్కలు ముక్కలుగా తీసుకోవచ్చు. మళ్లీ పిలుస్తారేమో అన్న భయంతో ఆ మనిషి రెండు నెలలు పడుకోలేడు.

ఒక మంచి మాట. అదే 2024లో మన తెలంగాణ హైకోర్టు చెప్పింది, 24 గంటలు లెక్కపెట్టాల్సింది కాగితం మీద అరెస్టు చూపించిన టైము నుంచి కాదు, మనిషిని పట్టుకున్న టైము నుంచి అని. నేను ఆ వార్త ఫోన్లో రెండుసార్లు చదివాను. ఆ అడ్డగుట్ట ఆవిడ ఉందో లేదో తెలియదు.

ఈసారి పార్టీ ఇవ్వలేదు. పట్టుకున్న టైము ఎవరు చెప్పాలి? రాములు ప్రశ్న అలాగే ఉంది కదా.

చివరి పదేళ్లు అప్పుడప్పుడు కొత్త మేజిస్ట్రేట్లకి క్లాసులు చెప్పడానికి వెళ్లేదాన్ని. అక్కడ తీర్పులు చెప్పడం తగ్గించి ఈ సద్దన్నం కథ చెప్పేదాన్ని. "టైము అడక్కండి, పక్కన పోలీసులుంటే వాళ్లు నేర్పిన టైమే చెప్తాడు. కానిస్టేబుల్‌ని కాస్త బయట నిలబడమనండి. ఇంట్లో ఆఖరిసారి ఏం తిన్నావని అడగండి" అనేదాన్ని. కొందరు నవ్వేవాళ్లు. ఒకాయన, "ఇదేమైనా వంటల ప్రోగ్రామా మేడమ్?" అన్నారు.

మొన్నీమధ్య నా పాత స్టూడెంట్ ఫోన్ చేసింది. మేజిస్ట్రేట్‌గా చేరి మూడు నెలలైంది. ఏ ఊరో, ఏ కేసో తను చెప్పలేదు, నేనూ అడగలేదు. ఒక కుర్రాణ్ని ఆదివారం రాత్రి తన ఇంటికి తీసుకొచ్చారట రిమాండ్‌కి. అరెస్టు ఆ మధ్యాహ్నం మూడింటికి అని మెమోలో ఉంది. కానిస్టేబుల్‌ని గేటు దగ్గర నిలబెట్టి అడిగిందట, "ఇంట్లో ఆఖరిసారి ఏం తిన్నావ్?"

"బగారా అన్నం మేడం" అన్నాడట. "మా అక్క పెళ్లిది."

పెళ్లి ఏ రోజని అడిగింది. శుక్రవారం.

"రాశావా?" అన్నాను. రాసిందట, రిమాండ్ ఆర్డర్‌లోనే, అన్నంతో సహా. ఎస్సై గారికి కోపం వచ్చినట్టుందని, రేపు టౌన్లో ఎదురుపడితే ఎలాగా అని కాసేపు టెన్షన్ పడింది. తర్వాత వాళ్లమ్మాయి ఏడుస్తోందని ఫోన్ పెట్టేసింది.

ఇక మీ ప్రశ్నలు అడగండి. ఆ మూడో వరసలో చెయ్యెత్తిన అబ్బాయి, నువ్వు ముందు.